గడిలో కట్టిన మూట



ఏటేటా ఈ సంచికలో మీరు జమాఖర్చుల పట్టిక చూస్తున్నారు. ఆ పట్టికలోని అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో, వాటిని ఎలా భద్రపరుస్తున్నామో మేము ఎన్నడూ రాయలేదు. ఈ ఏడు రాయక తప్పడం లేదు. దరఖాస్తుల వివరాలను మన వెబ్ అప్లికేషన్‌లో దాచిన పద్ధతిలో ఒక లోపం ఉంది. దానివల్ల ఒక తల్లికి వేళకు అందవలసిన సహాయం అందలేదు. ఆ లోపం ఏమిటో, ఎలా సరిదిద్దుకున్నామో మీకు చెప్పడం మా బాధ్యత. మీరిచ్చిన ప్రతి రూపాయీ మా దగ్గర అమానత్. దాని లెక్క కూడా అమానతే.

కంప్యూటర్ చదువు లేని పెద్దలకు కూడా అర్థం కావాలని దీన్ని ఒక పాఠంలా రాస్తున్నాం. మీ ఇళ్లలో సాఫ్ట్‌వేర్ పనిచేసే పిల్లలుంటే వారితోనూ చదివించండి. ఇలాంటి పొరపాటు ఎక్కువగా జరిగేది వారు రాసే ప్రోగ్రాముల్లోనే.

పాత రిజిస్టరు

కంప్యూటర్ రాకముందు మన ఆఫీసులో పెద్ద రిజిస్టరు ఉండేది. స్కేలుతో నిలువు గీతలు గీసి, పైన శీర్షికలు రాసేవారు: వరుస సంఖ్య, పేరు, ఊరు, ఇచ్చిన సొమ్ము, ఏ పద్దు కింద, సంతకం. ఒక్కో గడిలో ఒక్కో సంగతే ఉండేది. సొమ్ము గడిలో సొమ్ము తప్ప మరేదీ రాసేవారు కాదు. అందుకే నెలాఖరున వేలు పెట్టి పైనుంచి కిందికి కూడుకుంటూ పోతే మొత్తం తేలేది.

కంప్యూటర్‌లోని డేటాబేస్ కూడా ఇలాంటి రిజిస్టరే. అడ్డంగా వరుసలు, నిలువుగా కాలమ్‌లు. ఈ పద్ధతికి సిద్ధాంతం చెప్పిన వ్యక్తి ఎడ్గార్ కాడ్. ఆయన అమెరికాలో ఐబీఎం పరిశోధనశాలలో పనిచేస్తూ 1970లో ఒక వ్యాసం ప్రచురించారు. సమాచారాన్ని పట్టికలుగా అమర్చాలని, ఒక గడిలో ఇంకా విడదీయనక్కరలేని ఒక్క విలువే ఉండాలని అందులోని ఆలోచన. నేటికీ బ్యాంకులు, రైల్వే రిజర్వేషన్లు, ఆసుపత్రులు వాడే డేటాబేసుల్లో చాలా భాగం ఆ పునాది మీదే నిలిచి ఉన్నాయి.

కుటుంబం ఒక గడిలో ఇమడదు

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. మన దగ్గరకు వచ్చే దరఖాస్తు ఒక పేరు, ఒక అంకెతో ముగిసేది కాదు. ఒక తల్లి దరఖాస్తు పెట్టుకుంటే అందులో ఆమె పేరు, చిరునామా, ఇంటి అద్దె, ఆదాయం ఉంటాయి. ఆ వెనుక పిల్లలు. ఒక్కో పిల్లవాడికీ పేరు, వయసు, తరగతి, బడి, ఫీజు. ఒకరికి మందులు వాడుతుంటే ఆ వివరాలు. ఒక ఇంట్లో ఒక్కరే ఉండవచ్చు, ఇంకో ఇంట్లో ఐదుగురు ఉండవచ్చు.

ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు ఈ వివరాలన్నీ కంప్యూటర్ జ్ఞాపకంలో ఒకే వస్తువుగా ఉంటాయి. ప్రోగ్రాములు రాసేవారు దాన్ని ఆబ్జెక్ట్ అంటారు. కుటుంబం అనే ఆబ్జెక్ట్ లోపల పిల్లల జాబితా, ఆ జాబితాలో ఒక్కో పిల్లవాడూ మళ్లీ ఒక ఆబ్జెక్ట్. కొమ్మలు, రెమ్మలు ఉన్న ఈ చెట్టును గీతలు గీసిన రిజిస్టరులోకి ఎలా ఎక్కించాలి?

దారులు రెండు. మొదటిది, మూడు రిజిస్టర్లు పెట్టడం. కుటుంబాలకు ఒకటి, పిల్లలకు ఒకటి, ఇచ్చిన సొమ్ముకు ఒకటి. పిల్లల రిజిస్టరులో ప్రతి పేరు పక్కన ఆ కుటుంబం సంఖ్య రాసుకుంటే ఎవరి పిల్లలో తెలిసిపోతుంది. ఇందులో పని ఎక్కువ, ఆలోచన కూడా ఎక్కువ కావాలి.

రెండో దారి తేలిక. కుటుంబం మొత్తాన్ని ఒక పొడుగాటి అక్షరాల వరుసగా మార్చి, 'వివరాలు' అనే ఒకే కాలమ్‌లో పడేయడం. ఇలా మార్చడాన్ని సీరియలైజేషన్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే మూట కట్టడం. కావలసినప్పుడు ప్రోగ్రాము ఆ మూట విప్పి, మళ్లీ ఆబ్జెక్ట్‌గా చేసుకుంటుంది.

మన అప్లికేషన్‌ను రెండో దారిలో కట్టారు. కట్టిన వారిని తప్పుపట్టడం లేదు. రంజాన్ లోపల పూర్తి చేయమని తొందరపెట్టింది మేమే. రేపు ఈ వివరాలను మనం ఏయే ప్రశ్నలు అడుగుతామో వారికి చెప్పనిది కూడా మేమే.

ఒక్క అక్షరం దిద్దితే

మన అప్లికేషన్‌ను పీహెచ్‌పీ అనే భాషలో రాశారు. ఆ భాషలో మూట కట్టే పద్ధతికి ఒక నియమం ఉంది. ప్రతి పేరుకు ముందు అది ఎన్ని బైట్ల పొడవుందో అంకె వేసి, ఆ తర్వాత పేరు రాస్తుంది. బైటు అంటే కంప్యూటర్ కొలిచే చిన్న కొలత. మామూలు ఇంగ్లిషు అక్షరానికి 1 బైటు చాలు. నేడు అందరూ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, సున్నకు, పొల్లుకు ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి.

ఉదాహరణకు 'సలీం' అన్న పేరు చూడండి. స, ల, దీర్ఘం గుర్తు, సున్న. మొత్తం 4 గుర్తులు, 12 బైట్లు. కనుక మూటలో 12 అన్న అంకె, ఆ వెనుక 'సలీం' అని ఉంటుంది. అదే పేరును 'సలీమ్' అని రాస్తే సున్న పోయి మ, పొల్లు వస్తాయి. 5 గుర్తులు, 15 బైట్లు.

మనకు జరిగింది ఇదే. ఒక కుటుంబంలోని అబ్బాయి పేరు (ఇక్కడ మార్చి సలీమ్ అంటున్నాం) బడి సర్టిఫికెట్‌లో ఒకలా, మన దగ్గర ఒకలా ఉంది. ఫీజు చెక్కు రాసేముందు సరిచేయాలని ఆఫీసులో అనుకున్నారు. ఆమోదం పొందిన దరఖాస్తులో పిల్లల పేర్లు దిద్దే వీలు అప్లికేషన్‌లో లేదు. కంప్యూటర్ చూసుకునే అబ్బాయి నేరుగా డేటాబేస్ తెరిచి, మూటలో 'సలీం' ఉన్నచోట 'సలీమ్' అని దిద్దాడు. పక్కనున్న 12ను ఎవరూ ముట్టుకోలేదు. అది ఎందుకుందో ఎవరికీ తెలియదు.

మరుసటి రోజు ప్రోగ్రాము ఆ మూట విప్పబోయింది. 12 బైట్లు లెక్కపెట్టి చూస్తే అక్కడ పేరు ముగియలేదు. లెక్క కుదరకపోతే పీహెచ్‌పీ ఆ ఒక్క పేరునే వదిలేసి ఊరుకోదు, మూట మొత్తాన్ని విప్పలేనంటుంది. మన ప్రోగ్రాము ఆ మాటను తెర మీద చూపించకుండా మింగేసి, 'పిల్లలు లేరు' అని అర్థం చేసుకుంది. ఫీజుల జాబితాలో నుంచి ఆ ఇంటి ముగ్గురు పిల్లలూ జారిపోయారు.

నెల దాటాక ఆ తల్లి ఆఫీసుకు వచ్చింది. "మా పిల్లల పేర్లు ఎందుకు తీసేశారు భాయ్? మేమేం తప్పు చేశాం?" అని అడిగింది. అప్పటికే బడిలో ఫీజు కట్టమని ఒత్తిడి చేస్తే, తెలిసినవారి దగ్గర అప్పు చేసి కట్టేసింది. పేర్లు ఎవరూ తీసేయలేదని ఆమెకు నచ్చజెప్పడానికి మాకు ముందు కారణం తెలియాలి కదా! అది తెలియడానికి ఇంకో వారం పట్టింది. ఆ సొమ్ము ఇచ్చి, క్షమాపణ చెప్పాం. చేసిన తప్పు ఏమిటా అని ఆమె తనలో తాను వెతుక్కున్న ఆ నెల రోజులను మాత్రం మేము వెనక్కి ఇవ్వలేం.

మూట తెచ్చే మరికొన్ని ఇబ్బందులు

ఆ ఒక్క సంఘటనతో మొత్తం పద్ధతిని పరిశీలించాం. చాలా సంగతులు బయటపడ్డాయి.

మొదటిది, లెక్క అడిగితే జవాబు రాదు. ఒక దాత తాను జకాత్ కింద ఇచ్చిన సొమ్ములో ఎంత ఆడపిల్లల చదువుకు వెళ్లిందని అడిగారు. న్యాయమైన ప్రశ్న. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్ఆన్‌లోని తౌబా సూరా 60వ ఆయత్ 8 వర్గాలుగా నిర్దేశించింది. ఆ పద్దును సదఖాతో కలిపేయడానికి వీల్లేదు. మన దగ్గర పద్దు పేరు, సొమ్ము, విద్యార్థి వివరాలు అన్నీ మూటలోనే ఉన్నాయి. సొంత కాలమ్ ఉంటే ఒక్క వాక్యంతో డేటాబేసే కూడి చెప్పేది. మేము మూటలన్నీ ఒక్కొక్కటిగా విప్పించి కూడవలసి వచ్చింది.

రెండోది, అంకెకు హద్దు ఉండదు. సొమ్ముకు ప్రత్యేక కాలమ్ ఉండి, అది అంకెలకేనని చెబితే, నిబంధనలు కట్టుదిట్టంగా పెట్టిన డేటాబేస్ అక్కడ అక్షరాలు రాయనివ్వదు. మూటలో ఆ కాపలా లేదు. ఒకచోట 5000, ఒకచోట '5,000/-', మరోచోట 'ఐదు వేలు' అని కనిపించాయి. మనిషి చదివితే మూడూ ఒకటే. యంత్రానికి మూడూ వేరు.

మూడోది, వెతికితే దొరకదు. 10వ తరగతి పిల్లలు కావాలని మూటల్లో '10' కోసం వెతికితే, ఇంటి నంబరులో 10 ఉన్నవారు, ఫోన్ నంబరులో 10 ఉన్నవారు అందరూ వస్తారు. తెలుగు పేర్లకు ఇంకో చిక్కు ఉంది. కొన్ని మూటలను జేసన్ అనే పద్ధతిలో కట్టి మామూలు టెక్స్ట్ కాలమ్‌లో దాచారు. ప్రత్యేకంగా వద్దని చెప్పకపోతే పీహెచ్‌పీ, పైథాన్ రెండూ జేసన్ రాసేటప్పుడు ఒక్కో తెలుగు అక్షరానికి బదులు 6 గుర్తుల కోడు రాస్తాయి. అందుకే కాలమ్‌లో 'సలీం' అని వెతికితే, ఉన్న పేరు కూడా లేదనే వస్తుంది.

నాలుగోది, ఒకరు రాసింది ఇంకొకరు చెరిపేస్తారు. ఒక కార్యకర్త కుటుంబం ఫోన్ నంబరు మారుస్తున్నాడు. అదే సమయంలో ఇంకొకరు అదే ఇంటి పిల్లవాడి తరగతి మారుస్తున్నారు. ఇద్దరూ పాత మూటనే తెరిచారు. చివర భద్రపరచినవారి మూట మొదటివారి మూట మీద కూర్చుంటుంది. ఫోన్ నంబరు మళ్లీ పాతదే అవుతుంది. తప్పు చేసినవారు ఎవరూ ఉండరు, తప్పు మాత్రం ఉంటుంది.

ఐదోది, సంచి నిండితే మూట తెగుతుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో మామూలు టెక్స్ట్ కాలమ్ 65,535 బైట్లే పడుతుంది. తెలుగు గుర్తుల్లో చెబితే 21,845. ఏళ్ల తరబడి ఒకే మూటలో వివరాలు చేరుస్తూ పోతే ఆ హద్దు తగులుతుంది. కట్టుదిట్టమైన నిబంధనలు పెట్టి ఉంటే డేటాబేస్ రాయనంటుంది. అవి లేని పాత ఏర్పాట్లలో పట్టినంత ఉంచుకుని, మిగిలింది కత్తిరించి పారేస్తుంది. తోక తెగిన మూట ఇక విప్పుకోదు.

ఆరోది, భద్రత. బయటివారు పంపిన మూటను నమ్మి విప్పకూడదు. కొన్ని భాషల్లో మూటతోపాటే ప్రోగ్రాము చేత పని చేయించే సరంజామా పెట్టి పంపవచ్చు. పీహెచ్‌పీ, పైథాన్ భాషల అధికారిక పుస్తకాలే తమ తమ మూటల గురించి ఈ హెచ్చరిక చేస్తాయి. ఇక లోపలివారి సంగతి. రేషన్ కిట్లు పంచే కార్యకర్తకు చిరునామా చాలు. మూట చేతికిస్తే ఆ ఇంటి జబ్బుల వివరాలూ వెళ్తాయి. మనల్ని నమ్మి చెప్పుకున్న కష్టం అవసరం లేనివారి కంట పడకూడదు.

మూట కట్టడమే తప్పా?

కాదు. ఈ విషయంలో న్యాయంగా మాట్లాడాలి. లోకంలో ఎన్నో వెబ్‌సైట్లకు ఆధారమైన వర్డ్‌ప్రెస్ కూడా తన సెట్టింగులలో కొన్నింటిని ఇలా మూట కట్టే దాచుకుంటుంది. ఆ సెట్టింగులను ఎవరూ కూడరు, వరుసలో పెట్టరు. ఉన్నవి ఉన్నట్టు తీసుకుని వాడుకుంటారు. అలాంటి చోట మూట సౌకర్యమే.

మన పనిలో కూడా అలాంటివి ఉన్నాయి. ఆన్‌లైన్‌లో విరాళం వచ్చినప్పుడు చెల్లింపు సంస్థ పంపే జవాబు పత్రం ఒకటి. దాన్ని వచ్చింది వచ్చినట్టు దాచాలి, మనం దిద్దకూడదు. దరఖాస్తు పెట్టిన రోజున అందులో ఏముందో తెలిపే నకలు రెండోది. రేపు చిరునామా మారినా, నాడు రాసింది అలాగే ఉండాలి. వైద్య సహాయం ఫారంలో ఉండి చదువుల ఫారంలో లేని చిల్లర ప్రశ్నలు మూడోది. వాటికి ఒక్కో కాలమ్ పెడితే పట్టికలో సగం గడులు ఖాళీగా ఉంటాయి.

డేటాబేసులు కూడా ఈ అవసరాన్ని గుర్తించాయి. పోస్ట్‌గ్రెస్‌లో 2012లో జేసన్‌కు ప్రత్యేక కాలమ్ వచ్చింది, 2014లో త్వరగా వెతకడానికి వీలైన రకం వచ్చింది. మైఎస్‌క్యూఎల్‌లో 2015లో వచ్చింది. ఇలాంటి కాలమ్‌లో సరిగా కట్టని మూటను డేటాబేస్ లోపలికే రానివ్వదు. మూట లోపలి ఒక సంగతిని మాత్రమే అడిగి తీసుకోవచ్చు. జేసన్‌లో పొడవు అంకెలు ఉండవు గనుక పేరు దిద్దితే మూట పగలదు. ఇన్ని సౌకర్యాలున్నా ఆ ముగ్గురు పిల్లలు ఏ కుటుంబానికి చెందినవారో, సొమ్ము ఏ పద్దుదో కాపలా కాసే పని సొంత పట్టికలు చేసినంత గట్టిగా మూట చేయదు.

మేము నేర్చుకున్న సూత్రం ఇది. దేన్నైతే కూడాలో, వెతకాలో, దిద్దాలో, దేనికైతే రేపు ఎవరికైనా జవాబు చెప్పుకోవాలో దానికి సొంత గడి ఉండాలి. ఉన్నది ఉన్నట్టు దాచి, ఉన్నట్టే తీసి చూపవలసినదాన్ని మూట కట్టుకోవచ్చు.

ఎలా సరిదిద్దాం

ముందుగా డేటాబేస్ మొత్తానికి నకలు తీసి వేరేచోట భద్రపరిచాం. కుటుంబాలు, పిల్లలు, చెల్లింపులు అని మూడు పట్టికలు కొత్తగా ఏర్పాటు చేయించాం. ప్రతి పిల్లవాడి వరుసలో కుటుంబ సంఖ్య, ప్రతి చెల్లింపు వరుసలో పిల్లవాడి సంఖ్య, పద్దు పేరు తప్పనిసరి. పట్టికలో లేని కుటుంబం సంఖ్య వేస్తే డేటాబేసే ఒప్పుకోదు.

తర్వాత ఒక చిన్న ప్రోగ్రాము చేత మూటలు ఒక్కొక్కటీ విప్పించి, వివరాలను ఆయా గడుల్లోకి మార్పించాం. విప్పుకోని మూటలను వదిలేయకుండా వాటి జాబితా రాయించాం. వాటిని బీరువాలోని కాగితం దరఖాస్తులతో సరిచూసి చేత్తో ఎక్కించాం. చివరగా రెండు పరీక్షలు. మూటల్లో ఎందరు పిల్లలున్నారో, చేత్తో ఎక్కించినవారిని కలుపుకుని కొత్త పట్టికలో అందరూ ఉన్నారా? చెల్లింపుల మొత్తం బ్యాంకు స్టేట్‌మెంటుతో రూపాయి తేడా లేకుండా సరిపోయిందా? రెండూ కుదిరాకే కొత్త ఏర్పాటుకు మారాం. పాత కాలమ్‌ను వెంటనే తీసేయలేదు. ఒక ఏడాది పాటు చదవడానికి మాత్రమే ఉంచుతున్నాం.

ఇకపై మూట విప్పుకోకపోతే ప్రోగ్రాము మౌనంగా ఉండదు. 'వివరాలు చదవలేకపోయాం' అని ఎర్ర అక్షరాలతో చెబుతుంది. 'చదవలేకపోయాం' వేరు, 'పిల్లలు లేరు' వేరు. ఈ రెంటినీ ఒకటిగా చూడడమే ఆ తల్లిని ఏడిపించింది.

మిమ్మల్ని కోరేది

దానం ఇచ్చాక లెక్క అడగడం బాగుండదని మన పెద్దల్లో కొందరు మొహమాటపడతారు. దయచేసి అడగండి. మమ్మల్నే కాదు, మీరు సహాయం చేసే ఏ సంస్థనైనా అడగండి. నా పద్దులో ఎంత ఖర్చయిందో వెంటనే చెప్పగలరా? ఒక లబ్ధిదారు తన పేరు తప్పుందంటే డేటాబేస్ తెరవకుండా ఆఫీసులోనే దిద్దగలరా? ఆ ఇంటి వివరాలు ఎవరెవరు చూడగలరు? ప్రోగ్రాము రాసినవారు రేపు అందుబాటులో లేకపోతే ఈ సమాచారాన్ని మరొకరు చదవగలరా? వ్యక్తిగత సమాచారంలో తప్పులు దిద్దమని అడిగే హక్కును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పౌరులకు ఇచ్చింది. దిద్దడానికి వీలు లేకుండా దాచి, ఆ హక్కును మేము ఎలా గౌరవిస్తాం?

మీలో డేటాబేసులు తెలిసినవారు ఉంటే ఏడాదికి ఒక పూట మాకివ్వండి. వచ్చి మా పట్టికలు చూడండి, తప్పులు చెప్పండి. చెక్కు రూపంలో ఇచ్చే విరాళం ఎంతటిదో అదీ అంతటిదే.

సలీమ్ ఇప్పుడు పై తరగతికి వెళ్లాడు. ఈ ఏడాది ఫీజుల జాబితాలో అతని పేరు, తమ్ముడి పేరు, చెల్లెలి పేరు వేర్వేరు వరుసల్లో, బడి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉన్నాయి. చెక్కు మీద సంతకం చేసేముందు ఆ మూడు వరుసలూ మేము ఒకసారి చదువుకున్నాం.